కుందేటికొమ్ముల్లో వేపాకు

ముప్పై రెండేళ్ల సర్వీసులో శాస్త్రానికి నేను చేసిన ఒకే ఒక ఘనకార్యం, కుందేటికొమ్ములు అనే మొక్క వేపచెట్టుకు సొంత తమ్ముడని నిరూపించడం. అది సరిగ్గా ఒక పూట నిలిచింది. సాయంత్రానికి తప్పని తేలింది. తేల్చింది కూడా నేనే కాబట్టి దాన్ని రెండో ఘనకార్యం కింద వేసుకోవచ్చు.

కొత్తగా లెక్చరర్లయిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి "మీ అనుభవాలు చెప్పండి మేడం" అంటారు. గెలిచిన సంగతులు మొదలుపెడితే మర్యాదగా వింటూనే ఫోన్లు చూసుకుంటారు. ఈ సంగతి చెబితే మాత్రం ఫోన్లు పక్కన పెడతారు. అందుకే దీన్ని రాసి పెడుతున్నాను. ఎవరి పేరూ రాయను. అందులో ఒకాయన పేరు రాయకపోవడానికి వేరే కారణం ఉంది, చివర్లో చెబుతాను.

మాది కోదాడ. ఉద్యోగం సూర్యాపేటలో ఒక డిగ్రీ కాలేజీలో, వృక్షశాస్త్రం. హైవే మీద బస్సు ప్రయాణంలోనే నా వయసంతా గడిచింది. మా డిపార్ట్‌మెంట్ అంటే ఒక పొడవాటి గది, నాలుగు బీరువాలు, ఒక అటెండరు. బీరువాల నిండా ఎండబెట్టి అట్టలకు అతికించిన మొక్కలు. వాటిని హెర్బేరియం షీట్లంటాం. అధికారులు ఎవరొచ్చినా ఆ బీరువాలు తెరిచి చూపించేదాన్ని. "ఇన్నేళ్లలో ఒక్క షీటుకీ పురుగు పట్టలేదండీ" అని గొప్పగా చెప్పుకునేదాన్ని. ఎందుకు పట్టలేదో ఎప్పుడూ ఆలోచించలేదు. నా సమర్థత వల్లే అనుకున్నాను.

అటెండరుది చివ్వెంల దగ్గర పల్లె. గొర్లు కాసే ఇంట పుట్టాడు. నాకంటే ఏడాదే పెద్ద, కానీ జుట్టు తొందరగా నెరిసింది. మా కోదాడ అలవాటు కొద్దీ నేను చేరిన రోజే "బాబాయ్" అని పిలిచాను. ఆయన ముసిముసిగా నవ్వి, "గంత ముసలోన్ని గాలే మేడం" అన్నాడు. అయినా ముప్పై ఏళ్లూ బాబాయ్ బాబాయే.

నేను మొక్కల్ని పుస్తకంలో నేర్చుకున్నాను. ఆయన గొర్రెల వెనక నడిచి నేర్చుకున్నాడు. ఏ ఆకు తింటే గొర్రెకు కడుపుబ్బుతుంది, ఏ ఆకును మూతి పెట్టి వదిలేస్తుంది, ఏది వాన పడ్డ ఎన్నో రోజుకు పూస్తుంది, అన్నీ నోటికొచ్చు. పిల్లల్ని ఫీల్డుకు తీసుకెళ్లినప్పుడు చెట్టెక్కేదీ, ముళ్లలో చెయ్యి పెట్టేదీ ఆయన. కొమ్మ అందుకుని పేరు చెప్పేదాన్ని నేను. షీటు మీద "సేకరించినవారు" అని ఒక గడి ఉంటుంది. అందులో నా పేరు రాసుకునేదాన్ని.

ఒకసారి చివ్వెంల గుట్ట మీద కుందేటికొమ్ములు చూపించాడు. చూడని వాళ్ల కోసం చెబుతున్నాను: వేలంత లావున, ఆకుల్లేకుండా, నాలుగు పలకలుగా, బండల సందుల్లో నిలబడే కండగల మొక్క. కాపరులు దాహమైతే తెంపుకుని పచ్చిగానే నమిలేస్తారు. చూడ్డానికి జెముడు జాతిలా ఉంటుంది. పిల్లలు కూడా అదే అన్నారు.

"కాదు బిడ్డా. గిది జిల్లేడు పాలోళ్లల్లది" అన్నాడు బాబాయ్.

పాలోళ్లంటే ఒకే వంశం వాళ్లు, ఒకరింట్లో ఎవరైనా పోతే మరొకరింట్లో మైల పట్టేవాళ్లు. జిల్లేడుకూ దీనికీ చుట్టరికం ఏమిటని పిల్లలు నవ్వారు.

"కాయ సూడుండ్రి. దీనికీ, దానికీ జంట కొమ్ముల తీరు కాయలే. పలిగినయంటె రెండిట్ల గింజకు తెల్ల దూది ఉంటది. మొకం సూస్తె ఏం తెలుస్తది? పాలోళ్లను కాయల వట్టి గుర్తువట్టాలె."

పుస్తకంలో కూడా అదే ఉంది. రెండిటిదీ ఒకే కుటుంబం. నేను ఎమ్మెస్సీలో చదివి నేర్చుకున్నది ఈయన గొర్లు కాస్తూ గమనించాడు. ఆ రోజు నాకు ముచ్చటేసింది. కానీ ముచ్చటేసినంత మాత్రాన మనిషికి మనతో సమానంగా అన్నీ చెప్పాలని తోచదు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

నా రిటైర్మెంటుకు ఇంకో రెండేళ్లు, బాబాయ్‌కి ఏడాది లోపు ఉండగా ఒక ఫోన్ వచ్చింది. మిర్యాలగూడ నుంచి వచ్చి మా దగ్గర డిగ్రీ చదువుకున్న అమ్మాయి, హైదరాబాదులో ఒక ల్యాబులో శాస్త్రవేత్త అయింది. జిల్లేడు కుటుంబంలోని మొక్కల చుట్టరికాలన్నీ డీఎన్ఏతో తేల్చే ప్రాజెక్టు ఆమెది. మన వైపు కుందేటికొమ్ములు కావాలంది. "మీకు తప్ప ఇంకెవరికి దొరుకుతాయి మేడం" అంది. నాకు కాలు నేల మీద నిలవలేదు.

చుట్టరికం తేల్చడమంటే ఇదీ. ప్రతి మొక్క కణంలోనూ నాలుగే అక్షరాలతో రాసిన ఒక పొడవాటి రాత ఉంటుంది. తల్లి నుంచి పిల్లకు దాన్ని ఎత్తిరాసుకునేటప్పుడు ఎప్పుడో ఒక అక్షరం తప్పు పడుతుంది. ఆ తప్పు అక్కణ్ణుంచి దాని సంతానమంతటికీ వస్తుంది. రెండు మొక్కల్లో అవే తప్పులు ఎక్కువగా కనిపిస్తే, వాటికి దగ్గరి పూర్వీకులు ఒకరేనన్నమాట.

ఆ వానాకాలం బాబాయ్, నేను చివ్వెంల వైపు, కోదాడ వైపు, మిర్యాలగూడ దారిలో గుట్టలన్నీ తిరిగాం. చివరికి పాలకీడు దగ్గర బాబాయ్ చెల్లెలి అత్తగారి ఊరు వెళ్లాం. ఆ ఊరి గుట్ట మీద కుందేటికొమ్ములకు పువ్వు వేరుగా ఉంది. మిగతాచోట్ల ముదురు ఊదా రంగు, ఇక్కడ లేత పసుపు.

కొత్త జాతేమో! డీఎన్ఏలో వేరని తేలితే దానికి పేరు పెట్టేది నేనే. నిజం చెప్పేస్తాను, తిరుగు ప్రయాణంలో బస్సు హుజూర్‌నగర్ దాటకముందే ఆ మొక్కకు లాటిన్ పేరు పెట్టేశాను. సూర్యాపేట చేరేసరికి ఆ పేరు వెనకాల నా పేరు కూడా తగిలించుకున్నాను.

కాండాల్ని పల్చగా కోసి, కాగితం పొట్లాల్లో పెట్టి, తేమ పీల్చే సిలికా గుళికల డబ్బాల్లో దాచాం. పన్నెండు పొట్లాలు ల్యాబుకు, పన్నెండు మాకు. ఆ మర్నాడే నాకు పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. వెళ్లేముందు బాబాయ్‌ని పిలిచి ఒకే ఒక్క మాట చెప్పాను.

"బాబాయ్, వీటికి పురుగు పట్టిందంటే నా ప్రాణం పోయినట్టే. జాగ్రత్త."

అవి ఎందుకో, వాటిలో ఏం వెతుకుతారో చెప్పలేదు. డీఎన్ఏ సంగతి ఆయనకేం అర్థమవుతుందిలే అనుకున్నాను. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పినదాన్ని, నా పక్కనున్న మనిషికి అయిదు నిమిషాలు చెప్పలేకపోయాను.

పొట్లాలు వెళ్లాయి. వేసవి వచ్చింది. ఒకరోజు పొద్దున్నే ఆ అమ్మాయి ఫోన్.

"మేడం, కోప్పడకుండా వింటారా? మీరు పంపిన పన్నెండులో పది వేప."

"వేపేంటమ్మా?"

"వేపచెట్టు మేడం. మిగిలిన రెంటిలో ఏమీ రాలేదు. మా వాళ్లు కూడా చూసుకోకుండా పొట్లంలో ఉన్నదంతా కలిపి నూరేశారు. కండ మొక్క కదా, జిగురెక్కువ, డీఎన్ఏ సరిగా రాదు. వేపది సులువుగా వచ్చేసింది."

మీ మిషను చెడిపోయిందన్నాను. మీ పిల్లలకు చేతకాదన్నాను. పాపం, అన్నీ పడింది. ఆ పూటంతా ప్రపంచంలో అందరిదీ తప్పే, నాది తప్ప. సాయంత్రం చల్లబడ్డాక మా దగ్గరున్న పొట్లం ఒకటి విప్పాను. గుప్పున చేదు వాసన. ఎండిన ముక్కల మీద అదే రంగులో మెత్తటి పొడి.

బాబాయ్‌ని పిలిచాను. ఆయన పొట్లం చూసి సంబరంగా నవ్వాడు.

"ఒక్క పురుగన్న ఉన్నదా మేడం? లేత వేపాకు తెచ్చి, నీడకు ఎండవెట్టి, బట్టల జల్లించి వేసిన. ఒక్క పుల్ల గూడ పడనియ్యలే."

"వేపాకా! నిన్నెవరు వెయ్యమన్నారు బాబాయ్?" గది అదిరేలా అరిచాను.

ఆయన మొహంలో నవ్వు అలాగే ఆగిపోయింది. "మీరే గద మేడం పురుగు వట్టొద్దన్నరు. మా అమ్మ కందులల్ల గిదే వేస్తది. మన బీరువలల్ల గూడ ఏడాదికి రెండుమాట్ల నేనే వేస్త. మీకు తెల్వదా?"

నాకు తెలియదు. ముప్పై ఏళ్లు నేను గొప్ప చెప్పుకున్న బీరువాల రహస్యం అది. అప్పుడైనా నోరు మూసుకుని కూర్చుని ఆలోచించాల్సింది. కానీ నా కళ్ల ముందు లేత పసుపు పువ్వు, దాని లాటిన్ పేరు. "అంతా నాశనం చేశావ్" అనేసి బస్సుకు వెళ్లిపోయాను.

వారం తిరగకుండా ప్రాజెక్టు వాళ్ల దగ్గర్నుంచి కాలేజీకి ఉత్తరం వచ్చింది. ప్రిన్సిపాల్ నన్ను పిలిచారు. బాబాయ్ అప్పటికే ఆయన బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవరి నిర్లక్ష్యమో రాసియ్యమంటున్నరు మేడం. మీదా, అటెండర్‌దా? చెప్పుండ్రి, గదే రాస్త."

రెండు ముక్కల ప్రశ్న. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. అందులో ఏ నెల ఉందో కూడా నాకు కనబడలేదు.

"సమజయింది లెండి" అన్నారు ప్రిన్సిపాల్. బాబాయ్ పేరు మీద మెమో రాశారు. ఇంకో రెండు నెలల్లో రిటైరయ్యే మనిషి సర్వీసు పుస్తకంలో అది మొదటి మచ్చ. బాబాయ్ పెన్ను అందుకున్నాడు. చూపించిన చోట సంతకం పెట్టి, తలుపు దగ్గర నాకు దారిచ్చి నిలబడ్డాడు.

ఆ దారిచ్చిన తీరు ఇప్పటికీ గుర్తొస్తుంది. తిట్టినా బాగుండేది. కోదాడ బస్సులో నా పక్క సీటామె "ఏమ్మా, ఒంట్లో బాలేదా" అని అడిగింది. సిగ్గేసిందని బస్సులో ఎవరితో చెబుతాం?

ల్యాబు అమ్మాయి మంచిది. పాలకీడు మొక్క ఒక్కటైనా నెలాఖరులోగా పంపితే చేర్చుకుంటానంది. ఎండాకాలంలో ఆ మొక్క ముడుచుకుపోయి రాయిలో రాయిలా ఉంటుంది. బాబాయ్ లేకుండా నాకు దొరకదు. ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలియక రెండు రోజులు తిరిగాను. మూడోరోజు ఆయనే అన్నాడు.

"చెల్లెకు ఫోన్ చేసిన మేడం. రేపు పోదాం. ఎండ ముదరకముందే పని ఖతం చేసుకోవాలె."

మేము దిగేసరికి ఆ చెల్లెలు గడపలోనే ఎదురొచ్చింది. మనిషి అన్నలాగే బక్కపలచన, మాట మాత్రం గలగల. ముందు తినాల్సిందే, తర్వాతే గుట్ట అంది. జొన్నరొట్టె, నువ్వులు వేసి నూరిన పుల్లటి పచ్చడి. ఆకలి మీదున్నానేమో, రెండుసార్లు వేయించుకున్నాను.

"ఏం పచ్చడమ్మా ఇది? ఎంత బాగుందో!"

"కుందేటికొమ్ములేనమ్మా. మీరు గవ్విటి కోసమే వస్తున్నరని అన్న ఫోన్ల చెప్పిండు. గీ ఎండల మీరేం గుట్టెక్కుతరని, పొద్దుగాల్నే పోయి అన్ని తెంపుకొచ్చి నూరిన. ఇంకో జర వెయ్యాల్నా?"

నా చేతిలో రొట్టెముక్క అలాగే ఉండిపోయింది. శాస్త్రలోకానికి తెలియని కొత్త జాతిని చింతపండు వేసి నూరితే నేను వేళ్లు నాకుతూ తిన్నాను. బాబాయ్ నెత్తి పట్టుకున్నాడు.

"అన్ని తెంపినవా చెల్లె? ఒక్కటన్న ఉంచలేదా?"

"మంచియన్ని తెంపిన. పెద్దబండ సందుల ఒక్కటున్నది గానీ ముండ్లకంప అడ్డమొచ్చి చెయ్యి అందలే." నా మొహం చూసి భయపడిపోయింది. "ఏమైందన్నా, పచ్చడి ఎక్కువ కారమైందా?"

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ముందు నవ్వే వచ్చింది. బాబాయ్ నావైపు భయంగా చూసి, నేను నిజంగానే నవ్వుతున్నానని నమ్మకం కుదిరాక తనూ మొదలెట్టాడు. మెమో తర్వాత మేమిద్దరం నవ్వడం అదే మొదలు.

ఎండలో గుట్ట ఎక్కాం. బండ సందులో కంప కింద, చిటికెన వేలంత, ముడుచుకుని గోధుమరంగుకు తిరిగిన ఒక్క కొమ్ము. బాబాయ్ పొట్ట మీద పడుకుని చెయ్యి దూర్చాడు. మోచేతి దాకా గీరుకుపోయింది. అడుగున కొంచెం మిగిల్చి, మిగతాది తెచ్చి నా చేతికివ్వబోయి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"గీసారి ముందుగాల చెప్పుండ్రి మేడం. దీంట్ల ఏం దేవులాడుతరు?"

బండ నీడన కూర్చున్నాం. అప్పుడు చెప్పాను, పిల్లలకు చెప్పినట్టే. లోపల రాత ఉంటుందని, ఎత్తిరాసేటప్పుడు తప్పులు పడతాయని, అవే తప్పులు రెండిటిలో ఉంటే పాలోళ్లని. వేపపొడి ఒక్క నలుసు పడ్డా దాని రాత కూడా ఇందులో కలిసిపోతుందని. ఆయన మధ్యలో రెండు ప్రశ్నలు అడిగాడు. రెండూ నా డిగ్రీ పిల్లలు ఏనాడూ అడగనంత మంచి ప్రశ్నలు. అయిదు నిమిషాలు పట్టిందేమో, అంతకంటే పట్టలేదు.

"గింతేనా? గీ ముచ్చట అప్పుడే చెప్తే నేను వేపాకు వేస్తునా మేడం?"

కోపంగా అనలేదు. నిజంగా అడిగాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వెయ్యవు బాబాయ్. తప్పు నాది. చెప్పనిది నేను. ఆరోజు ప్రిన్సిపాల్ గదిలో కూడా చెప్పనిది నేనే."

ఆయన చేతిలోని కొమ్మును అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేను గూడ ఒక్కమాట అడిగి వెయ్యాల్సింది, అడగకపోతిని. మీరు చెప్పకపోతిరి. ఇద్దరిది ఒక్కతీరు తప్పే." పెదవి చివర నవ్వాడు. "మీరు చెప్పిన లెక్కల, ఒక్కతీరు తప్పులు వడ్డోళ్లు పాలోళ్లు గద. గట్లయితె మనం గూడ పాలోళ్లమే అయితిమి."

మర్నాడు ప్రిన్సిపాల్‌కు ఉత్తరం ఇచ్చాను. నిర్లక్ష్యం నాది, అటెండరు నేను చెప్పిన పని చెప్పినంత వరకు చక్కగా చేశాడు, మెమో నాకు ఇవ్వండి అని రాశాను. ఆయన రెండుసార్లు చదివి, "సోంచాయించి ఇస్తున్నరా మేడం?" అని అడిగారు. ఆలోచించే ఇస్తున్నానన్నాను. బాబాయ్ మెమో రద్దయింది, నాకొకటి వచ్చింది. నా సర్వీసు మొత్తంలో అందుకున్న ఒకే ఒక మెమో అది. దాచుకున్నాను.

ఆ చిటికెన వేలంత కొమ్ములో సగం కోసి, చివ్వెంల గుట్ట నుంచి మళ్లీ తెచ్చిన ఒక ముక్కతో పాటు ల్యాబుకు పంపాం. ఈసారి పొట్లం కట్టింది బాబాయ్. నన్ను కూడా చేతులు కడుక్కుని రమ్మన్నాడు.

ఫలితం వచ్చింది. కొత్త జాతి లేదు, ఏమీ లేదు. చివ్వెంల కుందేటికొమ్ములూ పాలకీడు కుందేటికొమ్ములూ ఒకటే. ఒకింట్లో పిల్లల్లో ఒకరు కాస్త తెల్లగా పుట్టినట్టు, అక్కడ పువ్వు రంగు లేతబడింది, అంతే. నా లాటిన్ పేరు నాతోనే ఉండిపోయింది. బాధపడలేదంటే అబద్ధం. ఒక రోజంతా పడ్డాను. జిల్లేడుతో చుట్టరికం మాత్రం బాబాయ్ చెప్పినట్టే ఖాయమైంది.

ఆ అమ్మాయి మా గది గోడకు పెట్టుకోమని ఒక పెద్ద చార్టు పంపింది. కొమ్మలు కొమ్మలుగా జిల్లేడు వంశవృక్షం. అందులో అన్నిటికంటే అడుగున, విడిగా, దూరంగా ఒక్క గీత: వేప. ఇలాంటి వంశవృక్షం గీసేటప్పుడు పోల్చి చూసుకోవడానికి బయటి మొక్క ఒకటి పెడతారు. "మీరు పంపిన వేప వృథా కాకూడదని చార్టులో పెట్టాను మేడం" అని రాసింది. బాబాయ్ రిటైరయ్యే రోజున ఎవరు పలకరించినా ఆ గీత దగ్గరికి తీసుకెళ్లి "గిది నాది" అని చూపించాడు.

నేను ఆయనకు శాలువా కప్పలేదు, అది కాలేజీవాళ్లు కప్పారు. అందరూ వెళ్లాక బీరువా దగ్గరికి పిలిచాను. మిగిలిన సగం కొమ్మును ఎండబెట్టి షీటుకు అతికించి ఉంచాను. "సేకరించినవారు" గడిలో ఆయన పేరు, ఇంటిపేరుతో సహా, నా చేతనైనంత గుండ్రంగా రాశాను. ఆయన ఆ అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకున్నాడు. పంచె అంచుతో వేలు తుడుచుకుని మళ్లీ చదువుకున్నాడు.

ఆ తర్వాత ఉద్యోగంలో నాకు మిగిలిన ఏడాదీ అదే పని పెట్టుకున్నాను. పాత షీట్లు ఒక్కొక్కటే తీసి, ఆయన చెట్టెక్కి కోసిన ప్రతిదాని మీదా నా పేరుకు ముందు ఆయన పేరు చేర్చాను. అన్నీ గుర్తు రాలేదు. అనుమానం వచ్చినచోట ఫోన్ చేసి అడిగాను. "గది మీరే తెంపిండ్రు మేడం" అని ఆయన ఒప్పుకున్నవి మొత్తం మీద మూడు.

ఆయన పేరు ఇక్కడ రాయకపోవడానికి కారణం అదే. ఉండాల్సినచోట ఉంది. చూడాలనిపిస్తే సూర్యాపేటలో ఆ కాలేజీకి వెళ్లి, ఆ పొడవాటి గదిలో బీరువా తెరవండి. ముందు వేపాకు వాసన వస్తుంది. ఏడాదికి రెండుసార్లు ఆయన ఇప్పటికీ వచ్చి వేసి వెళుతున్నాడు, వేసే ముందు ఫోన్ చేసి నన్నడిగి.